మిద్దెగది మదాం

బండి ఆగినాక కూడా కుప్పమ్మాళ్ దాని లోపలికే చూస్తా నిలబడింది. పూంగొడి ముందుగా కాలు కింద పెట్టి, రాసాత్తిని ఒళ్లో నుంచి భుజం మీదికి మార్చుకుని, రేకుపెట్టె దించమని బండి తోలే అయ్యనార్‌ను అడిగింది. పెట్టె దిగింది. దుప్పటి మూట దిగింది. పుదుచ్చేరి బజారులో కూరగాయలు దించేసి ఖాళీగా తిరిగొచ్చిన గంపలు దిగినాయి. ఇంకా ఎవరో దిగాల్సి ఉన్నట్టు కుప్పమ్మాళ్ తల వంచి గూడు కింది చీకట్లోకి చూసింది. ఆమె ఏం వెతుకుతా ఉందో తెలియక పూంగొడి కూడా వెనక్కి తిరిగి చూసింది. లోపల గడ్డి తప్ప ఏమీ లేదు.

కుప్పమ్మాళ్‌కు యాభై దాటి ఉంటాయి. మెడ బోసిగా ఉంది, నడుముకు తాళాల గుత్తి వేలాడుతా ఉంది. బాహూరు చెరువు కింది ఆ పొలాలు ఆమె తమ్ముడు సుబ్బరాయన్‌వి. ఇల్లు, వంట, మిద్దె మీద గదిలో దిగేవాళ్ల మంచిచెడ్డలు ఆమెవి. చలికాలంలో చెరువుకు బాతులు వచ్చినప్పుడు పుదుచ్చేరి ఊరి నుంచి దొరలు తుపాకులు పట్టుకుని వచ్చి ఆ గదిలోనే ఉంటారట. పొద్దున్నే వాళ్లకు కాఫీ, రొట్టె, గుడ్డు పైకే పోతాయట. దారిలో ఎద్దులను అదిలిస్తా అదిలిస్తా అయ్యనార్ ఇదంతా చెప్పినాడు.

పూంగొడి కొంగుముడి విప్పి చీటీ ఇచ్చింది. అది రోడ్ల పనులు చూసే ఇంజనీరు దొర రాసింది. మొన్న ఐప్పసి నెల గాలివానలో ఆ దొర ఇంటి ముందర కాలువ పూడుకుని నీళ్లు నట్టింట్లోకి వస్తే, ఛాతీ లోతులో నిలబడి దాన్ని తెరిచినవాడు వీరాసామి, పూంగొడి మొగుడు. అతను మేరీలో, అంటే ఊరి పురపాలక కచేరీలో, చెత్తబండి తోలతాడు. ఏం కావాలో అడగమన్నాడు దొర. మా పాపకు తట్టు పోసినాక దగ్గు పట్టుకుంది, నెల అయినా వదల్లేదు, మంచి గాలి తగిలేచోట వారం రోజులు పెట్టమని డాక్టరు చెప్పినాడు, మాకు అట్లాంటి చోటు యాడ ఉందయ్యా అన్నాడు వీరాసామి. దొర నవ్వి, అక్కడికక్కడే చీటీ రాసిచ్చినాడు.

సుబ్బరాయన్ కళ్లం నుంచి తువ్వాలుతో మెడ తుడుచుకుంటా వచ్చి చీటీ అందుకున్నాడు. ఫ్రెంచి అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా జరిపినాడు. మదాం ఒకామె బిడ్డతో వస్తుందట, వారం ఉంటుందట, మిద్దెగది ఇమ్మని రాసినాడు దొర, అని అక్కతో చెప్పి పూంగొడి వైపు తిరిగినాడు.

"మదాం ఎప్పుడొచ్చేది?"

"నాకు తెలియదయ్యా."

"నిన్ను ముందు పంపించినారా?"

"పంపించినారయ్యా," అంది పూంగొడి. అది నిజమే. పంపించబట్టే కదా వచ్చింది.

ఊళ్లో యాడ ఉండేది అని అడిగినాడు. ఒర్లియంపేట అంది. అక్కడ అన్ని కులాలవాళ్లూ ఉంటారు కాబట్టి అతను తలాడించి కళ్లానికి వెళ్లిపోయినాడు. ఆయా ముందుగా వచ్చింది, సొంత బిడ్డను కూడా తెచ్చుకుంది, అని కుప్పమ్మాళ్ తనలో తాను అనుకున్నట్టు గట్టిగానే అనుకుని, రేకుపెట్టెను ఇంటి వెనక గడ్డివాము పక్కనుండే కొట్టంలో పెట్టమని అయ్యనార్‌కు చెప్పింది.

ఆయా అన్న మాట పూంగొడికి వినిపించింది. బండి ఎక్కించేటప్పుడు వీరాసామి ఏమన్నాడు? నువ్వేమీ చెయ్యాల్సిన పని లేదు, వాళ్లు ఇచ్చింది తిను, పాపను చూసుకో, అన్నాడు. మదాం వస్తుందని అనలేదు. ఆమె బిడ్డను ఎత్తుకోవాలని అనలేదు. ఒకవేళ దొర అట్లాగే మాట్లాడి ఉంటే, తను ఒప్పుకోదని ఇతను దాచిపెట్టినాడా? అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ దొర ముందర అన్నిటికీ తల ఊపే మనిషే. ఏది నమ్మాలో తేలక ఆమె కొట్టంలో గోనెపట్టా పరిచి పాపను పడుకోబెట్టింది. గడ్డివాము నుంచి నూగు గాలికి లేచి వచ్చి పాప కనురెప్పల మీద వాలింది. రాసాత్తి దగ్గడం మొదలుపెట్టింది.

మరునాడు తెల్లారేసరికి పెద్ద అండాల్లో వడ్లు ఉడుకుతా ఉన్నాయి. ఆవిరి లేస్తుండగానే గంపల్లోకి తోడి, పేడతో అలికిన కళ్లంలో పరుస్తా ఉన్నారు. మదాం ఇంకా రాని ఆయా ఏం చెయ్యాలో పూంగొడికి తెలియలేదు. ఊరికే కూర్చుంటే వెనక్కి పంపేస్తారేమోనని భయమేసింది. వారం గడవాలి. డాక్టరు వారం అన్నాడు. ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, ఎవరూ అడగకుండానే వడ్లలోకి దిగింది. అరికాళ్లు నేలకు ఆనించి ఈడుస్తా నడిస్తే వడ్లు చాళ్లు చాళ్లుగా తిరగబడతాయి. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. అయిదో చాలుకు పాదాల వేడి మోకాళ్ల దాకా ఎక్కింది.

కుప్పమ్మాళ్ గట్టు మీద నుంచి చూసి, పేట ఆడదానికి కళ్లం పని ఎట్లా తెలిసిందే అని నవ్వింది. ఆయా అంటే ఊయల పక్కన కూర్చుని కునుకుతుంది అనుకున్నా, నువ్వు మా కూలోళ్ల కడుపు కొట్టేట్టుండావే, అంది. పూంగొడి కూడా నవ్వింది. ఇది మెచ్చుకోలో ఎత్తిపొడుపో ఆమెకు అర్థం కాలేదు.

కళ్లం అయినాక మిద్దెగది పని చెప్పింది కుప్పమ్మాళ్. గుత్తిలో నుంచి తాళంచెవి తీసి, మదాం ఏ గంటకు వచ్చినా గది సిద్ధంగా ఉండాలంది. పూంగొడి రాసాత్తిని చంకనేసుకుని మెట్లు ఎక్కింది. తలుపు తెరవగానే చెరువు వాసన తగిలింది. రెండు వైపులా కిటికీలు. ఒకటి కళ్లం మీదికి, రెండోది నీళ్ల మీదికి. ఇనుపమంచం కాళ్లు నాలుగూ నీళ్లు పోసిన మట్టిపళ్లాల్లో నిలబడి ఉన్నాయి, చీమలు ఎక్కకుండా. ఆమె పళ్లాల్లో పాతనీళ్లు పారబోసి కొత్తవి పోసింది. బూరుగుదూది పరుపును పిట్టగోడ మీదికి లాగి ఎండబెట్టి, రెండు వైపులా బెత్తంతో కొట్టింది. దోమతెరను కొసలు పట్టి విదిల్చి మడిచింది. అంతసేపూ పాప చెరువు వైపు కిటికీ కింద కూర్చుని తాళ్ల పోగుతో ఆడుకుంది. గది ఊడ్చడం అయిపోయినాక పూంగొడికి ఒక సంగతి తట్టింది. పాప దగ్గి చాలాసేపయింది.

ఆమె గదిని ఇంకోసారి ఊడ్చింది.

మధ్యాహ్నం బావి దగ్గర కుప్పమ్మాళ్, అయ్యనార్ మాట్లాడుకుంటా ఉండటం కనిపించింది. అయ్యనార్ చేత్తో బండిని చూపించినాడు, ఇంటి వెనక్కి చూపించినాడు. కుప్పమ్మాళ్ చేద తాడు పట్టుకుని కదలకుండా విన్నది. ఆ పూట అన్నం వేళకు ఏదో మారింది. పొద్దున ఇత్తడి పళ్లెంలో పెట్టిన కుప్పమ్మాళ్ ఇప్పుడు పెరట్లో విస్తరాకు వేసింది. నీళ్లు చెంబుతో ఇవ్వకుండా ఎత్తి దోసిట్లో పోసింది. అదే చేత్తో తాటిబెల్లం, శొంఠి ముక్క తెచ్చి, దంచి తేనెలో పాపకు నాకించు అని గట్టు మీద పెట్టి పోయింది. రాత్రికి కప్పుకోవడానికి తన పాత కంబళి కూడా ఇచ్చింది, చేతికివ్వకుండా కింద పెట్టి. పూంగొడి ఆకు ముందర కూర్చుని ఈ రెండింటినీ కలుపుకోవాలని చూసింది. కోపం వస్తే బెల్లం ఎందుకు పెడుతుంది? జాలి అయితే పళ్లెం ఎందుకు తీసేసింది? తను కళ్లంలో ఏం తప్పు చేసిందో ఒక్కొక్క చాలూ గుర్తు చేసుకుంది.

మూడోనాడు మదాం రాలేదు. సుబ్బరాయన్ రెండుసార్లు వీధిలోకి వచ్చి దారి చూసినాడు. అక్కతో మాట్లాడటం పూంగొడికి వినిపించింది. దొరకు కోపం వస్తే వచ్చే ఏడాది బాతులవేటకు ఎవరినీ పంపడు, ఆమెకు ఏ లోటూ రాకూడదు, అంటున్నాడు. కుప్పమ్మాళ్ కూర తరుగుతా ఉంది. ఊరి నుంచి తెప్పించిన రొట్టె తగరపు డబ్బాలో గట్టిపడుతా ఉంది. పొద్దున్నే పళ్లెంలో సర్దిన కాఫీ చల్లారినాక కుప్పమ్మాళే తాగేసింది.

ఆరోజు గది తుడుస్తుంటే పూంగొడికి అద్దం చట్రంలో గుచ్చిన చీటీ కనబడింది. రోజులు లెక్క తప్పకుండా సుబ్బరాయన్ అక్కడ పెట్టినట్టున్నాడు. అద్దం తుడవాలంటే దాన్ని తియ్యాలి. తీసింది. కన్యాస్త్రీల బడిలో రెండేళ్లు చదివింది ఆమె. తమ్ముడు పుట్టినాక ఎత్తుకునే మనిషి కావాలని మానిపించినారు. అక్షరాలు మిగిలినాయి, మాటలు పోయినాయి. మొదటి మాట మదాం అని కూడబలుక్కుంది. రెండో మాటలో ఆరు అక్షరాలు. ఎర్. ఓ. ఎస్. అక్కడే ఆమె చెయ్యి దాన్ని గుర్తుపట్టింది. రాసాత్తి పుట్టినప్పుడు కచేరీలో గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, ఇక్కడ రాయమ్మా అంటే, వీరాసామి బొగ్గుతో నేల మీద నేర్పించిన ఆరు అక్షరాలను ఆమె చెమటలు కక్కుతా రాసింది. రోసియే. అది వాళ్ల ఇంటిపేరు. వీరాసామి తాత కాలంలో పేటలో కొందరు కచేరీకి పోయి, పాత కట్టుబాట్లు వదులుకుంటాం, ఫ్రెంచి చట్టానికి లోబడతాం అని సంతకం పెట్టి, ఇంటికొక కొత్త పేరు తెచ్చుకున్నారు. పేరు కాగితాల్లోనే ఉండిపోయింది. వీధిలో ఆ పేరుతో ఎవరూ పిలిచింది లేదు. ఆ పేరుకు ముందర మదాం అని ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె చీటీ పట్టుకుని మంచం పక్కన నిలబడింది. మంచం మీద కూర్చోలేదు. మొగుడు అబద్ధం చెప్పలేదన్న సంతోషం ముందుగా వచ్చింది. ఆ వెంటనే గది చుట్టూ చూసింది. ఈ గది తనది. పరుపు తనది. చల్లారిపోయిన కాఫీ తనది. మూడు రోజులుగా పాప గడ్డినూగు పీలుస్తా దగ్గింది, తను ఈ గదిని పాపకు కాకుండా వేరెవరికో ఊడ్చింది. పోయి చెప్పాలి. చెప్తే? మీరు ఎవరు, ఏ వీధి, మీ ఆయన మేరీలో ఏం పని చేస్తాడు అని అడుగుతారు. చెత్తబండి అంటే ఏమవుతుంది? కొట్టం కూడా పోతుంది. ఇంకా నాలుగు రోజులు ఉండాలి.

ఆమె చీటీని ఉన్నచోటే గుచ్చి కిందికి దిగింది. వంటింటి గడప బయట నిలబడి పెద్దమ్మా అని పిలిచింది. కుప్పమ్మాళ్ తల ఎత్తి చాలాసేపు చూసింది. పూంగొడి చూపు రొట్టె డబ్బా మీదికి పోయింది. ఆ రొట్టె ఎండిపోతా ఉంది, పాలలో నానబెట్టి పాపకు పెట్టుకో, ఎట్లాగూ ఎవరూ తినేటట్టు లేరు, అంది కుప్పమ్మాళ్. పూంగొడి రొట్టె తీసుకుని వచ్చేసింది. తనకు పెట్టాల్సిన రొట్టెనే తనకు దానమిచ్చినట్టుంది. దానికి దండం కూడా పెట్టి వచ్చింది.

నాలుగోనాడు పొద్దున కళ్లంలో తూర్పారబట్టినారు. గాలికి ఎదురుగా నిలబడి చేటలతో ఎగరేస్తుంటే పొట్టు పసుప్పచ్చని పొగలాగా కొట్టం మీదికి తిరిగింది. పూంగొడి వడ్లలో ఉండగా పాప దగ్గు వినిపించింది. వినిపిస్తా వినిపిస్తా ఉన్నది ఆగిపోయింది. ఆగడమే ఆమెను పరుగెత్తించింది. రాసాత్తి మోకాళ్ల మీద వంగి, నోరు తెరుచుకుని ఉంది. లోపలికి గాలి పోయేటప్పుడు సన్నగా ఈల వస్తోంది. పెదవుల చుట్టూ రంగు మారింది.

ఆమె పాపను ఎత్తుకుని నేరుగా మెట్లెక్కింది. గాలి ఆడాలని పొద్దున్నే తెరిపించిన తలుపు తెరిచే ఉంది. కళ్లం వైపు కిటికీ మూసి గడియ పెట్టింది. చెరువు వైపుది బార్లా తెరిచింది. మడిచిన దుప్పటి విప్పి, పాపను తలగడలకు ఆనించి పరుపు మీద కూర్చోబెట్టి, వీపు రాసింది. దుమ్ముకాళ్లతోనే తనూ మంచం ఎక్కి కూర్చుంది. ఈల పెద్దదయింది, తగ్గింది, మళ్లీ పెద్దదయింది. ఎంతసేపో. కింద చేటల చప్పుడు ఆగలేదు.

కుప్పమ్మాళ్ వచ్చి గుమ్మంలో నిలబడింది. మంచాన్ని చూసింది, పూంగొడి కాళ్లను చూసింది, పాపను చూసింది. పూంగొడి దిగలేదు.

"ఆ చీటీలో ఉండే పేరు నాది పెద్దమ్మా," అంది.

"తెలుసు."

పూంగొడి తల ఎత్తింది.

"మొన్న మధ్యాహ్నం నుంచి తెలుసు. మీ ఇంటాయన బండి దగ్గరికి వచ్చి, నా పెండ్లాం, దొర చీటీ ఉంది, జాగ్రత్తగా తీసుకుపో అన్నాడని అయ్యనార్ చెప్పినాడు. మీ ఆయన యాడ పని చేసేదీ చెప్పినాడు. వాడికి మేరీ బండ్లు అన్నీ ఎరుకే." కుప్పమ్మాళ్ గొంతు తగ్గించింది. "మా తమ్ముడికి నేను చెప్పలేదు."

ఎందుకు చెప్పలేదో కుప్పమ్మాళే చెప్పుకుంటా పోయింది. ఆయాగా ఉంటే ఎవరూ ఏమీ అడగరు. దొర ఇంటి మనిషి, వెనకాల ఉంటుంది, తింటుంది, పోతుంది. మదాం అని మిద్దె ఎక్కిస్తే ఈ ఊళ్లో మా ఇంట మంచినీళ్లు ఎవరు ముడతారు? అట్లాగని వెళ్లిపొమ్మంటే దొరకు ఏం జవాబు చెప్పాలి? అందుకే మదాం రానంతవరకు నువ్వు ఉండొచ్చు అనుకున్నా. వారం కాదు, నెల ఉండు, నేను కాదన్నానా? బెల్లం ఇచ్చినా, కంబళి ఇచ్చినా. ఇప్పుడు కూడా ఏమీ మించిపోలేదు. గది ఊడ్చే దానివి, పాప కాసేపు పడుకుంది అంతే. దిగి రా.

ఈమె తనను కాపాడిందా? కాపాడబట్టే పాప మూడు రాత్రులు గడ్డిలో దగ్గిందా? కాళ్లకు మొక్కాలో మొహం మీద అడగాలో తెలియలేదు. రెండూ చెయ్యాలనిపించింది. పాప వీపు మీద తన చెయ్యి మాత్రం ఆగకుండా పైకీ కిందికీ పోతా ఉంది. ఆ చేతి కింద ఊపిరి కొంచెం నిదానించింది.

"నేను దిగను పెద్దమ్మా," అంది. గొంతు గొణిగినట్టే వచ్చింది. "పాపకు ఈ గాలి పడింది. నన్ను ఏమని పిలుచుకుంటారో పిలుచుకోండి. నేను ఈడనే ఉంటా."

"మా వాడు వస్తే ఏం చెప్పేది?"

"చీటీ చూపించండి."

కుప్పమ్మాళ్ గుమ్మాన్ని పట్టుకుని అట్లాగే నిలబడింది. తిట్టలేదు. లోపలికి ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి తీసుకుంది. తర్వాత మెట్లు దిగిపోయింది. కాసేపటికి కళ్లంలో చేటల చప్పుడు నిలిచిపోయింది. గాలి తిరిగింది, అవతలి గట్టుకు పోయి పట్టండి, అని ఆమె కూలివాళ్లకు చెప్పడం వినిపించింది. గాలి తిరగలేదు. కిటికీలోనుంచి చెరువు మీది అలలు పొద్దున ఎటు పోతా ఉన్నాయో ఇప్పుడూ అటే పోతా ఉన్నాయి.

రాసాత్తి నిద్రపోయింది. పూంగొడి మంచం దిగి, తలుపు మూసి, పరుపు మీది దుమ్ము దులిపి, మళ్లీ ఎందుకు దులిపినానా అనుకుంది. ఇప్పుడు పోయి క్షమించమంటే కొట్టం మిగులుతుందేమో. పెట్టె సర్దుకుని అయ్యనార్ బండి కోసం అడిగితే మర్యాద మిగులుతుందేమో. పాప ఈ స్థితిలో బండి కుదుపుకు తట్టుకుంటుందా? వీరాసామి ఉంటే ఏం చేసేవాడు? కింద పడుకుందాం పద అనేవాడు. అది తెలుసు కాబట్టి అతను లేకపోవడమే మంచిదయిందనిపించి, అట్లా అనిపించినందుకు భయపడింది.

మధ్యాహ్నానికి సుబ్బరాయన్ ఇల్లు చేరినాడు. మిద్దె తలుపు ఎందుకు మూసి ఉంది, మదాం వచ్చిందా అని అడగడం వినిపించింది. కుప్పమ్మాళ్ గరిటె కింద పెట్టిన చప్పుడయింది.

"వచ్చి నాలుగు రోజులయింది," అంది.

ఆ తర్వాత మాటలు తగ్గుగొంతులో సాగినాయి. పూంగొడి తలుపు దగ్గర నిలబడి విన్నది. ఒర్లియంపేట అన్న మాట వినబడింది. మేరీ అన్న మాట వినబడింది. సుబ్బరాయన్ గొంతు ఒక్కసారి లేచి, ఏదో గుర్తొచ్చినట్టు మధ్యలో తెగింది. దొర, దొర అని రెండుసార్లు అన్నాడు. తర్వాత మెట్ల మీద అడుగులు, ఒక్కొక్క మెట్టుకు ఆగి ఆగి.

తలుపు అవతల అతను గొంతు సవరించుకున్నాడు. ఏమే అనలేదు. అమ్మా అనలేదు. మూడు రోజులుగా ఆమెను పనికి పిలిచిన ఏ పిలుపూ అతని నోటికి రాలేదు.

"మదాం," అన్నాడు.

తననే అని తెలియడానికి పూంగొడికి కాస్త సేపు పట్టింది. తలుపు సగం తెరిచింది. అతను ఆమె మొహం చూడకుండా గడప వైపు చూస్తా నిలబడినాడు. తువ్వాలు భుజం మీద ఉంచుకోవాలో చేతిలోకి తీసుకోవాలో తేల్చుకోలేనట్టు దాన్ని సగం లాగి వదిలేసినాడు.

"భోజనం పైకి పంపిస్తా. కిందికి రావాల్సిన పని లేదు. మీకెందుకు శ్రమ."

మీకు అన్నాడు. దొరలకు కూడా పైకే పోతుంది భోజనం. ఇది మర్యాదే. మర్యాద కాకపోతే, నట్టింట్లో ఆకు వెయ్యకుండా తప్పించుకోవడం. రెండూ ఒకే మాటలో ఎట్లా ఇముడుతాయో ఆమెకు తెలియలేదు. పైకే పంపండి అంటే గది ఉంటుంది, పాప గాలి ఉంటుంది, ఎవరికీ నష్టం లేదు. ఆ మాటే చెప్పాలనుకుంది.

"పాప లేచినాక కిందికే వస్తాం," అంది.

అతను తల ఎత్తినాడు. ఆమెకే తను ఏమన్నదో అప్పుడు అర్థమయింది. గడియను గట్టిగా పట్టుకుంది. అతను తువ్వాలు తీసి మొహం తుడుచుకుని మెట్లు దిగిపోయినాడు.

కింద కుప్పమ్మాళ్ ఏదో అడిగింది. ఆకులు ఎక్కడ వెయ్యాలనే అడిగి ఉంటుంది. జవాబు వినిపించలేదు. కొట్టంలో నుంచి తన పెట్టెను బయటికి ఈడ్చిన చప్పుడు కూడా వినిపించలేదు. పొయ్యి మీద తాలింపు మాత్రం చిటపటమంది.

రాసాత్తి కళ్లు తెరిచి, ఆకలి అంది. నెల రోజుల తర్వాత పాప నోట ఆ మాట వచ్చింది. పూంగొడి కూజాలో నీళ్లతో పాప మొహం కడిగి, తన పాదాలకు అంటిన పొట్టు కడుక్కుని, జుట్టు ముడేసుకుంది. కొంగు తల మీద కప్పుకోవాలా, భుజం మీదుగా వదిలెయ్యాలా? కప్పుకుంది, తీసేసింది. పాపను చంకనెత్తుకుని తలుపు తీసింది. ఎండలో నుంచి చూస్తే మెట్ల కింద నట్టిల్లు చీకటిగా ఉంది. అక్కడ ఎన్ని ఆకులు వేసి ఉన్నాయో, అసలు వేసినారో లేదో కనబడలేదు. ఆమె మొదటి మెట్టు దిగింది.